అమ్మకు కొలెస్ట్రాల్ తగ్గింది, సంతోషించాలా?

ప్రశ్న: నా వయసు 58. బీపీకి మాత్ర వాడుతున్నాను. సిగరెట్ మానేసి నాలుగేళ్లయింది. గుండెజబ్బు ఇప్పటిదాకా రాలేదు. మూడేళ్ల కిందట ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారే, అది) 160 ఉందని డాక్టర్ దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టారు. ఇప్పుడు 84. ఈమధ్య మా బావమరిది ఒక గ్రాఫ్ పంపాడు. కోపెన్‌హేగన్‌లో లక్షమందికి పైగా జనాన్ని గమనించి గీసిందట. ఎల్‌డీఎల్ 140 దగ్గర ఉన్నవాళ్లలో మరణాలు అందరికంటే తక్కువ, నాలాగా బాగా తక్కువ ఉన్నవాళ్లలో ఎక్కువ అని అందులో ఉంది. "బావా, డబ్బులు పెట్టి మరీ ఆయుష్షు తగ్గించుకుంటున్నావు" అంటున్నాడు. అప్పటినుంచి రాత్రి మాత్ర చేతిలోకి తీసుకుంటే చాలు, టెన్షన్. కాళ్ల నొప్పులు కూడా దీనివల్లేనేమో అనిపిస్తోంది. మానేయమంటారా? ఇంకో సంగతి. మా అమ్మకు 81 ఏళ్లు. ఏ మందూ లేకుండానే టోటల్ కొలెస్ట్రాల్ ఏడాదిలో 214 నుంచి 146కి దిగింది. మనిషి కూడా కాస్త సన్నబడింది. ఇంట్లో అందరం సంతోషించాం. ఇది మంచిదే కదా?

సమాధానం: మీ ఉత్తరంలో ముప్పాతిక వంతు మీ మాత్ర గురించే ఉంది. అమ్మగారి సంగతి చివర్లో నాలుగు ముక్కల్లో తేల్చేశారు. నేను మాత్రం ఆ నాలుగు ముక్కల దగ్గరే ఆగిపోయాను. అందుకని ముందు ఆవిడ సంగతి చెప్పి, తర్వాత గ్రాఫ్ దగ్గరికి వస్తాను.

81 ఏళ్ల మనిషికి మందు లేకుండా, కావాలని ఏ మార్పూ చేసుకోకుండా ఏడాదిలో 68 పాయింట్లు దిగిందంటే, ఎందుకు దిగిందో తెలిసేదాకా సంతోషించకండి. పైగా సన్నబడ్డారంటున్నారు. ఇంట్లో ఖర్చు తగ్గిందని మురిసిపోయే ముందు, రాబడి ఆగిపోయిందేమో చూసుకోవాలి కదా! ఇదీ అలాంటిదే. ఈ వారంలోనే ఆవిడను డాక్టర్‌కి చూపించండి. ఏదో ముంచుకొచ్చిందని కాదు. తేలిగ్గా సరిచేయగల కారణమే బయటపడొచ్చు. కానీ చూడకుండా వదిలేసే విషయం మాత్రం కాదు.

ఇక మీ మాత్ర. మానొద్దు. కనీసం ఆ గ్రాఫ్ చూసి మానొద్దు. ఎందుకో చెప్పాలంటే కొంచెం చోటు కావాలి. మీ బావమరిది పంపింది అబద్ధమైతే ఒక్క ముక్కలో తేలిపోయేది. అది నిజమైన అధ్యయనమే, పేరున్న పత్రికలో వచ్చిందే. ఆయన్ని తప్పుపట్టకండి.

మీరు రాసిన అంకెల్ని బట్టి అది డెన్మార్క్‌లో సాధారణ జనం మీద జరిగిన అధ్యయనం. 2020లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. 20 నుంచి 100 ఏళ్ల మధ్య వయసున్న 1,08,243 మందిని తొమ్మిదేళ్లకు పైగా గమనించారు. ఆ కాలంలో 11,376 మంది చనిపోయారు. ఎవరికి ఎల్‌డీఎల్ ఎంత ఉంది, ఎవరు పోయారు అని లెక్కగట్టి గీస్తే గీత పళ్లెంలా వచ్చింది. మధ్యలో లోతు, రెండు అంచులా ఎత్తు. ఆ లోతు 140 దగ్గర. ఎడమ అంచు, అంటే ఎల్‌డీఎల్ బాగా తక్కువ ఉన్నవైపు కూడా మరణాలు ఎక్కువే. ఇదంతా నిజం.

కానీ అదే వ్యాసంలో మరో మూడు సంగతులున్నాయి. అవి మీ ఫోన్‌దాకా వచ్చినట్టు లేదు.

కొలెస్ట్రాల్ మందు వాడుతున్నవాళ్లను విడిగా తీసి గీస్తే లోతు 140 దగ్గర లేదు. 89 దగ్గరికి జరిగింది. మీది 84. అంటే ఆ గ్రాఫ్‌నే నమ్మాలంటే మీరు ఉండాల్సిన చోటుకు దగ్గరలోనే ఉన్నారు! నాకు అనుకూలంగా ఉంది కదా అని ఈ 89ని నెత్తిన పెట్టుకోను. దాని మీదా కాసేపట్లో చెప్పబోయే అనుమానమే వస్తుంది. బావమరిదికి జవాబుగా మాత్రం పనికొస్తుంది.

రెండోది, ఆ మరణాలు ఏ కారణంతోనైనా సంభవించినవి. తక్కువ ఎల్‌డీఎల్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించినవి క్యాన్సర్, ఇతర జబ్బుల మరణాలు. గుండె, రక్తనాళాల మరణాల్లో ఆ ఎడమ ఎత్తు లేదు. మూడోది, గుండెపోట్లను మాత్రమే లెక్కేసినప్పుడు ఎల్‌డీఎల్ పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతూనే పోయింది.

మరి తక్కువ ఎల్‌డీఎల్ ఉన్నవాళ్లు ఎందుకు పోయారు? ఇదే అసలు ప్రశ్న. మందు వాడకుండానే ఎల్‌డీఎల్ 60, 70 ఉన్నవాళ్లంతా ఒక చోట చేరారనుకోండి. వాళ్లలో పుట్టుకతోనే అలా ఉన్నవాళ్లుంటారు, హాయిగా ఉంటారు. వాళ్ల పక్కనే కాలేయం దెబ్బతిన్నవాళ్లు ఉంటారు, ఎందుకంటే కొలెస్ట్రాల్ తయారుచేసే పెద్ద కార్ఖానా కాలేయమే. దీర్ఘకాలంగా ఏదో ఇన్‌ఫెక్షన్‌తో లోలోపల కాగిపోతున్నవాళ్లు, థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నవాళ్లు, తిండి సయించక చిక్కిపోతున్నవాళ్లు, ఇంకా బయటపడని క్యాన్సర్ ఉన్నవాళ్లు ఉంటారు. వీళ్లందరికీ కొలెస్ట్రాల్ తగ్గింది. అది తగ్గినందువల్ల జబ్బు రాలేదు, జబ్బు వచ్చినందువల్ల అది తగ్గింది. రక్తం తీసి అంకె రాసుకున్న రోజున ఆ జబ్బు ఎవరికీ కనబడదు. నాలుగేళ్ల తర్వాత మరణం మాత్రం లెక్కలోకి వస్తుంది. గీత ఎడమ అంచు పైకి లేస్తుంది. కారణమూ ఫలితమూ తలకిందులయ్యాయన్నమాట.

నేను ఇలాంటి అధ్యయనాల పనిలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో ఇలాంటి గీత ఒకటి నా చేత్తోనే గీశాను. లోకం కళ్లు తెరిపించబోతున్నాననే ఊపులో తీసుకెళ్లి మా ప్రొఫెసర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. "మొదటి రెండేళ్లలో పోయినవాళ్లను తీసేసి మళ్లీ గీయమ్మా" అన్నారు. తీసేశాను. ఎడమ పక్క ఎత్తు చాలావరకు దిగిపోయింది. "మరి మిగిలిన ఎత్తు సంగతేంటి సార్?" అన్నాను, ఓటమి ఒప్పుకోలేక. కొన్ని జబ్బులు రెండేళ్లు కాదు, పదేళ్ల ముందే లోపల మొదలవుతాయని, వాటిని ఏ కత్తెరతోనూ పూర్తిగా కత్తిరించలేమని చెప్పి పంపేశారు. ఆ రోజు నాకు కోపమొచ్చింది. ఇప్పుడు నేనే ఆ మాట పదిమందికి చెబుతున్నాను.

ఈ తిరకాసు కొత్తదేం కాదు. గుండెజబ్బుల మీద జనాన్ని ఏళ్లతరబడి గమనించే పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే పట్టణం. 1948లో అక్కడ 5,209 మందితో మొదలుపెట్టారు. గుండెపోటు వచ్చాక వెనక్కి తిరిగి చూడటం కాకుండా, ఆరోగ్యంగా ఉన్నప్పుడే బీపీ, కొలెస్ట్రాల్, పొగ అలవాటు అన్నీ రాసుకుని ఎవరికి ఏమవుతుందో ఎదురుచూశారు. ఇవాళ మీ డాక్టర్ నోట సహజంగా వచ్చే 'రిస్క్ ఫ్యాక్టర్' అనే మాట వాడుకలోకి వచ్చింది 1961లో ఈ బృందం రాసిన వ్యాసంతోనే.

1987లో ఫ్రేమింగ్‌హామ్ వాళ్లు ముప్పై ఏళ్ల లెక్కలు బయటపెట్టారు. 50 ఏళ్లలోపు వాళ్లలో కొలెస్ట్రాల్ ఎక్కువుంటే మొత్తం మరణాలూ ఎక్కువే. 50 దాటాక కొలెస్ట్రాల్‌కూ మొత్తం మరణాలకూ సంబంధం కనిపించలేదు. ఇంకా వింతేమిటంటే, మొదటి పద్నాలుగేళ్లలో కొలెస్ట్రాల్ దిగుతూ వచ్చినవాళ్లు తర్వాతి కాలంలో ఎక్కువగా చనిపోయారు. ఏడాదికి ఒక్కో మిల్లీగ్రాము (అంటే మనం చెప్పుకుంటున్న ఈ అంకెల్లో ఒక పాయింటు) చొప్పున తగ్గితే మరణాల రేటు 11 శాతం ఎక్కువ. ఈ వాక్యం ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. "చూశారా, కొలెస్ట్రాల్ తగ్గిస్తే పోతారు" అని. బహుశా రేపోమాపో మీ ఫోన్‌కీ వస్తుంది.

ఇక్కడ సంవత్సరాలు చూడండి. మొదటి స్టాటిన్ మందు బజారులోకి వచ్చిందే 1987లో. ఆ పద్నాలుగేళ్లు గడిచింది అంతకు ఎంతో ముందు, 1950లు, 60లలో. అప్పట్లో ఎవరి కొలెస్ట్రాలూ స్టాటిన్‌తో దిగలేదు. ఎక్కువమందికి దానంతటదే దిగింది, అచ్చం మీ అమ్మగారికి దిగినట్టు. లోపల మొదలైన జబ్బులు ఆ అంకెను కిందికి లాగి ఉండొచ్చని ఆ వ్యాసం రాసినవాళ్లే అన్నారు. ఆ ముక్క వదిలేసి మిగతాది పంచుకుంటూ ఉంటారు.

అందుకే అంటున్నాను, మీ బావమరిది పంపిన గ్రాఫ్ మీ గురించి కాదు. అది అమ్మగారి గురించి.

మీ కొలెస్ట్రాల్ ఎలా తగ్గిందో మనకు తెలుసు. మాత్ర కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకుంది. కాలేయం తనకు కావలసింది రక్తంలోంచి లాక్కుంది. 160 కాస్తా 84 అయింది. జబ్బు పడి తగ్గిన 84, మాత్రతో తగ్గిన 84 కాగితం మీద ఒకేలా ఉంటాయి. ఆ రెంటికీ చుట్టరికం లేదు.

"మాత్రతో తగ్గించినా హాని లేదని ఎలా చెప్పగలరు?" అని మీరు అడగాలి. జనాన్ని ఊరికే గమనిస్తూ కూర్చుంటే దీనికి జవాబు రాదు. చీటీలు వేయాలి. ఒకేలాంటి కొన్ని వేలమందిని తీసుకుని, ఎవరికి మందు ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది చీటీ తీసి తేల్చాలి. అప్పుడు లోపల దాగిన జబ్బులు రెండు వైపులా సమానంగా పంచుకుపోతాయి. ఆ తర్వాత కనిపించే తేడా మాత్రదే.

స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది మీద అలా చేసి 1994లో ఫలితం బయటపెట్టారు. వాళ్లంతా అప్పటికే గుండెజబ్బు ఉన్నవాళ్లు. అయిదేళ్ల పైచిలుకులో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 256 మంది, సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్ తీసుకున్నవాళ్లలో 182 మంది చనిపోయారు. గుండెపోటు మరణాలు మాత్రమే కాదు, ఏ కారణంతోనైనా సరే. కొలెస్ట్రాల్ తగ్గించడం మంచిదా కాదా అని అంతకుముందు నిజంగానే వాదోపవాదాలుండేవి. ఆ 74 ప్రాణాల తేడా చూశాక చాలామంది మనసు మార్చుకున్నారు.

మీకు గుండెజబ్బు లేదు కాబట్టి మీకు దగ్గరగా ఉండేది ఆ మరుసటి ఏడాది స్కాట్లండ్‌లో వచ్చిన ఫలితం. అంతవరకు గుండెపోటు రాని 6,595 మంది మగవాళ్లు, 45 నుంచి 64 ఏళ్ల మధ్యవాళ్లు. కొలెస్ట్రాల్ మాత్రం మీకంటే బాగా ఎక్కువ. దాదాపు అయిదేళ్లలో ఉత్తుత్తి మాత్ర వైపు 248 మందికి గుండెపోటు వచ్చింది, లేదా గుండెజబ్బుతో పోయారు. ప్రవాస్టాటిన్ అనే మరో స్టాటిన్ వైపు 174 మంది. మొత్తం మరణాలు 135కి 106. ఈ చివరి తేడా, కాకతాళీయమా కాదా అని తేల్చే లెక్కల గీటురాయి మీద కాస్త అంచున నిలబడింది, అది దాచను. కానీ తర్వాత ఇలాంటి 26 పరీక్షల్ని, 1,70,000 మందిని ఒకచోట చేర్చి 2010లో చూస్తే ఆ అనుమానం తీరింది. ఎల్‌డీఎల్ సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతుకు పైగా తగ్గాయి, మొత్తం మరణాలు పది శాతం తగ్గాయి. క్యాన్సర్లు పెరగలేదు. తక్కువ కొలెస్ట్రాల్ నిజంగానే మనిషిని చంపేదైతే ఇక్కడ బయటపడాలి. పడలేదు.

ఇంకో దారిలోనూ పరీక్షించారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కొందరు పుట్టుకతోనే తక్కువ ఎల్‌డీఎల్‌తో పుడతారు. పీసీఎస్‌కే9 అనే జన్యువు వాళ్లలో సరిగా పనిచేయదు. తల్లి కడుపులోనే పడిన చీటీ ఇది. పెద్దయ్యాక వచ్చిన ఏ జబ్బూ దాన్ని మార్చలేదు, కాబట్టి కారణం తలకిందులయ్యే ప్రశ్నే లేదు. 2006లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనంలోని నల్లజాతీయుల్ని పరిశీలిస్తే నూటికి ఇద్దరు ముగ్గురిలో ఈ మార్పు కనిపించింది. వాళ్ల ఎల్‌డీఎల్ మిగతావాళ్లకంటే 28 శాతం తక్కువ. పదిహేనేళ్లలో గుండెజబ్బు 88 శాతం తక్కువ. మాత్రతో అంతే తగ్గించినా ఇంత లాభం రాదు. ఎందుకంటే మాత్ర యాభై దాటాక మొదలవుతుంది, వాళ్లకు మొదటి రోజు నుంచీ రక్తనాళాల మీద భారం తక్కువే.

అలాగని మా వాళ్లు ఎప్పుడూ తప్పు చేయలేదని అనుకోకండి. 'మంచి కొలెస్ట్రాల్' అని పిలిచే హెచ్‌డీఎల్ విషయంలో మేమే బోల్తాపడ్డాం. జనాన్ని గమనించిన అధ్యయనాల్లో చాలావాటిలో హెచ్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లకు గుండెపోట్లు తక్కువ. ఇంకేం, పెంచితే చాలనుకున్నారు. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను అద్భుతంగా పెంచింది. 2006లో ఆ మందు మీద చీటీలు వేసి చేస్తున్న పరీక్షను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. మందు తీసుకున్నవైపు మరణాలు ఎక్కువయ్యాయి మరి. తర్వాత 2012లో జన్యువులతో చూస్తే, పుట్టుకతో హెచ్‌డీఎల్ ఎక్కువున్నంత మాత్రాన గుండెపోటు తగ్గలేదని తేలింది. ఎల్‌డీఎల్ అదే మూడు పరీక్షల్లోనూ, జనంలో, చీటీల్లో, జన్యువుల్లో, ఒకే జవాబు ఇచ్చింది. హెచ్‌డీఎల్ మొదటిదాంట్లో మాత్రమే నెగ్గింది. మీ బావమరిది గ్రాఫ్‌దీ ఆ మొదటి మెట్టే. గ్రాఫ్ ఎంతమందితో గీశారన్నది కాదు, ఏ మెట్టు మీద ఉందో చూడాలి. కోటిమందితో గీసినా మెట్టు మారదు.

వయసు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "ముసలితనంలో కొలెస్ట్రాల్‌తో పనిలేదు" అనే మాట కూడా ఈ గ్రాఫ్‌లతో పాటే వస్తుంది. 2007లో 61 అధ్యయనాల్ని, దాదాపు 9 లక్షలమందిని కలిపి చూశారు. టోటల్ కొలెస్ట్రాల్ 39 మిల్లీగ్రాములు తక్కువుంటే గుండెజబ్బు మరణాలు నలభైల్లో సగానికి సగం తక్కువ, 50 నుంచి 69 మధ్య మూడో వంతు తక్కువ, 70 దాటాక ఆరో వంతు మాత్రమే తక్కువ. చూడగానే వయసుతో లాభం కరిగిపోతోందనిపిస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. ఉదాహరణకు, 45 ఏళ్ల వాళ్లు వెయ్యిమందిలో ఏడాదికి ఇద్దరు గుండెజబ్బుతో పోతున్నారనుకుందాం. సగం తగ్గితే ఒకరు మిగులుతారు. 75 ఏళ్ల వాళ్లు వెయ్యిమందిలో పద్దెనిమిది మంది పోతున్నారనుకుంటే ఆరో వంతు అంటే ముగ్గురు మిగులుతారు. నిష్పత్తి చిన్నదైంది, మిగిలిన ప్రాణాలు మూడింతలయ్యాయి. అయితే 75 దాటి, గుండెజబ్బు లేనివాళ్ల మీద మందు పరీక్షలు తక్కువే జరిగాయి. కాబట్టి అమ్మగారికి కొత్తగా స్టాటిన్ పెట్టాలా అనే చర్చ ఇప్పుడు అనవసరం.

తక్కువ కొలెస్ట్రాల్‌కు ఏ చెడూ లేదా అంటే, ఒకటుంది. 1989లో అమెరికాలో మూడున్నర లక్షలమంది మగవాళ్ల లెక్కల్లో, టోటల్ కొలెస్ట్రాల్ 160లోపు ఉండి, కింది బీపీ 90 దాటినవాళ్లలో మెదడులో రక్తస్రావంతో మరణాలు ఎక్కువ కనిపించాయి. కొలెస్ట్రాల్ ఎక్కువుంటే పోయేవాళ్ల సంఖ్యతో పోలిస్తే అది చాలా చిన్నది. కానీ మీకు బీపీ ఉంది కదా, అందుకే చెబుతున్నాను. మీరు టెన్షన్ పడాల్సింది రాత్రి మాత్ర గురించి కాదు, బీపీ కింది అంకె గురించి. చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారో ఉత్తరంలో రాయలేదు.

అలాగే స్టాటిన్లు షుగర్ ముప్పును కొద్దిగా పెంచుతాయి. ఏడాదికోసారి షుగర్ చూపించుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు మీ కాళ్ల నొప్పులు. నొప్పి ఉంటే ఉన్నట్టే, ఊహ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. కానీ అది మాత్ర వల్లేనా? 2020లో ఒక చిన్న, తెలివైన పరీక్ష జరిగింది. బాధలు వస్తున్నాయని స్టాటిన్ మానేసిన 60 మందికి పన్నెండు నెలలకు పన్నెండు సీసాలిచ్చారు. నాలుగింట్లో స్టాటిన్, నాలుగింట్లో ఉత్తుత్తి మాత్రలు, నాలుగు ఖాళీ. ఖాళీ నెలల్లో బాధ తక్కువ. మాత్ర మింగిన నెలల్లో ఎక్కువ. అయితే స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది! ఈ ఫలితం చూపించాక సగంమంది మళ్లీ మాత్ర మొదలుపెట్టారు. మీ విషయంలో నాకో అనుమానం. నొప్పి మూడేళ్ల కిందట మొదలైందా, బావమరిది మెసేజ్ తర్వాత మొదలైందా? గుర్తు తెచ్చుకుని డాక్టర్‌కు నిజం చెప్పండి. మోతాదు తగ్గించడమో, వేరే స్టాటిన్‌కు మార్చడమో చేయొచ్చు. కండరాలు విపరీతంగా నొప్పెట్టి, నీరసించి, మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం ఆగకుండా అదే రోజు వెళ్లాలి. అది చాలా అరుదు.

మాత్ర వల్ల మీకు ఒరిగేదెంత? దీనికి ఎల్‌డీఎల్ ఒక్కటే చూస్తే తేలదు. 2004లో 52 దేశాల్లో మొదటి గుండెపోటు వచ్చిన పదిహేను వేలమందిని, రానివాళ్లతో పోల్చి చూశారు. పొగ, రక్తంలో కొవ్వులు, బీపీ, షుగర్, పొట్ట, మనసు మీద ఒత్తిడి, తిండి, కదలిక, మద్యం. ఈ తొమ్మిదీ కలిపితే ముప్పులో 90 శాతం లెక్కకొచ్చింది. అంటే 160 అనే ఒకే అంకె, పొగతాగని ముప్పై ఏళ్ల అమ్మాయికి ఒక అర్థం, బీపీ ఉండి మొన్నటిదాకా సిగరెట్ కాల్చిన 58 ఏళ్ల మీకు ఇంకో అర్థం. వయసు, బీపీ, పొగ, షుగర్, కొలెస్ట్రాల్ అన్నీ వేసి పదేళ్లలో ముప్పు ఎంత శాతమో చెప్పే పట్టికలు డాక్టర్ల దగ్గర ఉంటాయి. మీది ఎంతో అడగండి. మందు మొదలుపెట్టకముందు అంకెలతో లెక్కేయమనండి.

ఉదాహరణకు అది 15 శాతం అనుకుందాం. మీకు అంతే ఉందని కాదు, లెక్క కోసం. మీలాంటివాళ్లు వందమంది ఉంటే పదేళ్లలో 15 మందికి గుండెపోటో పక్షవాతమో వస్తుంది. మీకు తగ్గింది 76 మిల్లీగ్రాములు, అంటే ఆ 39లు దాదాపు రెండు. అలా అందరికీ తగ్గితే 15 కాస్తా తొమ్మిది అవుతుంది. ఆరుగురు తప్పించుకుంటారు. ఆ తొమ్మిదిమందికి మాత్ర మింగినా వస్తుంది. మిగతా 85 మందికి మింగకపోయినా వచ్చేది కాదు. ఆ ఆరుగురు ఎవరో ముందుగా చెప్పగలిగే గ్రాఫ్ లేదు. ఇది విని "నూటికి ఆరుగురికేనా?" అని పెదవి విరిచేవాళ్లున్నారు, "ఆరుగురికా!" అని మాత్ర అందుకునేవాళ్లున్నారు. నేనైతే రెండో రకం. మీరు ఏ రకమో మీ ఇష్టం, కానీ ఆ నిర్ణయం ఈ లెక్క మీద తీసుకోండి, 140 అనే లోతు మీద కాదు.

బావమరిదికి ఏం చెప్పాలో కూడా అడిగినట్టే ఉంది మీ ఉత్తరం ధోరణి. గొడవపడకండి. "బావా, మందు వాడేవాళ్లకు విడిగా గీసిన గీత కూడా పంపు" అని ఒక్క మెసేజ్ పెట్టండి.

మళ్లీ అమ్మగారి దగ్గరికి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టుకెళ్లండి. 214 ఉన్నప్పటివి, వీలైతే అంతకుముందువి కూడా. రెండూ ఒకే ల్యాబ్‌వా కావా చూడండి, ఏదో ఒకటి తప్పు పడి ఉండొచ్చు కూడా. అందుకే కొలెస్ట్రాల్ మరోసారి చేయించమంటారు. బరువు ఎంత తగ్గిందో అంకెల్లో చెప్పగలిగితే మంచిది. పాత రిపోర్టుల మీద బరువు రాసి ఉంటుంది, లేదా బట్టలు వదులయ్యాయా చూడండి. థైరాయిడ్, కాలేయం, రక్తహీనత, షుగర్, మూత్రపిండాల పరీక్షలు చేయించమంటారేమో. దగ్గు, సాయంత్రం పూట జ్వరం, విరేచనాల్లో మార్పు, కడుపునొప్పి ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఆవిడను ముందే అడిగి పెట్టుకోండి. ఆ వయసువాళ్లు డాక్టర్ ముందు "నాకేం లేదు బాబూ, బాగానే ఉన్నా" అనేస్తారు.

ఇంకొకటి, ఇది డాక్టర్ కంటే మీ ఇంట్లోవాళ్లకే బాగా తెలుస్తుంది. కట్టుడు పళ్లు గుచ్చుకుంటున్నాయా, మింగడం కష్టమవుతోందా, రుచి తెలియడం లేదా, మనసు బాగోక తినడం మానేస్తున్నారా? ఈ ఏడాదిలో ఆవిడకు దగ్గరివాళ్లు ఎవరైనా పోయారా? నాలుగు రోజులు ఆవిడతో కూర్చుని తినండి. పళ్లెంలో ఎంత మిగులుతోందో చూసి, అది కూడా రాసుకెళ్లండి.